కొండమీది ఇల్లు: గోడ సంగతి తేలింది, కప్పు సంగతి తేలలేదు

సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇళ్ల కప్పులు గమనిస్తూ పోతే చాలు, రెండు తరాల్లో ఈ ప్రాంతపు ఇల్లు ఎటు నడిచిందో తెలిసిపోతుంది. వేగావతి ఒడ్డున పట్టణంలో శ్లాబులు. శివార్లలో సిమెంటు రేకులు. పాచిపెంట మండలం కొండవాలుల్లో నాటు పెంకులు, వాటి పక్కనే ఇనుప రేకులు. రోడ్డుకు దూరంగా, గెడ్డలు దాటి వెళ్లాల్సిన గూడేల్లో ఇంకా గడ్డి కప్పులు. ఇప్పుడు ఆ గడ్డి కప్పుల మధ్య కూడా ఒకటీ అరా శ్లాబు లేస్తోంది. ఈ వరుసను వెనుకబాటు నుంచి అభివృద్ధికి నడకగా చదవడం మనకు అలవాటైపోయింది. ఇంటికి ఖర్చయ్యే శక్తిని లెక్కలోకి తీసుకుంటే ఆ వరుస చాలావరకు తలకిందులవుతుంది. చాలావరకు అంటున్నాను, పూర్తిగా అనడం లేదు. మిగిలిన ఆ కొంచెం దగ్గరే అసలు చర్చ ఉంది.

తక్కువ శక్తితో, తన చేతులతో, తన ఊరి సరుకుతో ఇల్లు కట్టుకోవడం మీద ఈమధ్య తెలుగునాట ఆసక్తి పెరిగింది. పట్నం విసిగించినవాళ్లు మట్టి ఇళ్ల గురించి ఆరా తీస్తున్నారు. అదే సమయంలో తరతరాలుగా మట్టి ఇళ్లలో పుట్టి పెరిగిన కొండదొరలు, జాతాపులు, గదబలు, మూకదొరలు శ్లాబు ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటున్నారు. ఈ రెండు కోరికల్లో ఏదీ తెలివితక్కువది కాదు. రెండోది ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోకుండా మొదటిదాన్ని పొగడడం మాత్రం అన్యాయం.

ఇంటి శక్తి అన్నప్పుడు రెండు పద్దులు వేరుగా చూడాలి. ఇటుక కాల్చడానికి, సిమెంటు తయారీకి, ఇనుము కరిగించడానికి, వాటిని కొండ ఎక్కించడానికి అయ్యే శక్తి ఒక పద్దు. ఇల్లు కట్టాక అందులో బతకడానికి, అంటే ఫ్యానుకూ, పొయ్యికీ, దీపానికీ, నీటికీ అయ్యేది రెండో పద్దు. చలిదేశాల్లో రెండో పద్దే కొండంత. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన మొదటి పాసివ్ హౌస్ ఆ దేశపు సమస్యకు జవాబు. గోడలకు మందపాటి కంబళి కప్పి, సందు లేకుండా బిగించి, లోపలి వెచ్చదనం బయటికి పోకుండా కాపాడటం ఆ పద్ధతి. సాలూరు పల్లెలో ఆ బిగింపుకు పని లేదు. ఇక్కడ వేసవి ఉక్క, రెండు రుతుపవనాల వాన, అక్టోబరు నవంబరుల్లో తుపాను, పైకి ఎక్కేకొద్దీ శీతాకాలపు రాత్రుల చలి. గాలి ఆడాలి, ఎండ గోడమీద పడకూడదు, వాన గోడను తాకకూడదు. పల్లెల్లో నేటికీ కరెంటు వాడకం తక్కువ కాబట్టి మొదటి పద్దే పెద్దది. అయితే వేడెక్కే కప్పు వేస్తే రేపు ఫ్యాను, ఎల్లుండి కూలరు వస్తాయి. అలా మొదటి పద్దులో చేసిన ఎంపికే రెండో పద్దును నిర్ణయిస్తుంది.

ఈ ప్రాంతపు పాత ఇళ్లు ఏం చేశాయో ముందు చూద్దాం. గదబల పాత ఇల్లు గుండ్రం. గుండ్రటి గోడ మీద శంకువులాంటి గడ్డి కప్పు. ఇప్పుడది అరుదు, చాలాచోట్ల నలుచదరపు ఇళ్లే. కొండ దిగి సముద్రం వైపు వెళ్తే విజయనగరం, శ్రీకాకుళం తీరంలో చుట్టిల్లు ఇదే సూత్రం మీద నిలబడింది. గాలి దెబ్బ కొట్టడానికి మూల దొరకదు, కప్పు దాదాపు నేల దాకా వంగి ఉంటుంది, తుపాను దాని మీదుగా జారిపోతుంది. కురుపాం, సీతంపేట కొండల్లో సవర ఇళ్లు వరుసగా, ఒకదాని గోడ ఒకటి పంచుకుంటూ సాగుతాయి. ముందు ఎత్తయిన అరుగు, దాని మీదికి దిగిన చూరు, ఎర్రమన్ను పూసిన గోడలు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి రాసిన పెద్ద పుస్తకంలో ఆ ఇళ్ల లోగోడల మీది బొమ్మలకు చాలా చోటిచ్చాడు. ఇల్లు వాళ్లకు తలదాచుకునే చోటే కాదు, పెద్దలూ దేవతలూ కాపురం ఉండే చోటు కూడా.

నిర్మాణం దృష్టితో చూస్తే ఈ ఇళ్లలో మూడు గొప్ప పనులున్నాయి. మొదటిది అరుగు. రాతితో, మట్టితో మోకాలెత్తు లేపి గోడను నేల తడికి దూరం పెడుతుంది. రెండోది చూరు. గోడ మీద వాన, ఎండ రెండూ పడకుండా ఆపి, కింద పంచ అనే నీడ గదిని ఉచితంగా ఇస్తుంది. పగటి బతుకులో సగం ఆ పంచలోనే నడుస్తుంది. మూడోది అటక. దూలాల మీద వెదురు పరిచి, దాని మీద రెండు మూడంగుళాల మట్టి మెత్తి చేసిన అటక మీద ధాన్యం, చింతపండు, విత్తనాలు ఉంటాయి. పైన గడ్డి అంటుకున్నా మంట వెంటనే గదిలోకి దిగదు. కప్పు వేడి కూడా అటక మీద గాలిలోనే ఆగిపోతుంది. ఇంజనీర్లు రెండు పొరల కప్పు అని పాఠాల్లో చెప్పేది ఇదే.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. కిటికీ లేని చీకటి గది, పొగ బయటికి పోయే దారి లేని పొయ్యి, గోడ అడుగున వాన చిమ్మి కోసుకుపోయే మట్టి, చెదలు, ఎలుకలు. వేసవిలో ఒక ఇంటి నిప్పు వరుసంతా పాకడం. మూడు నాలుగేళ్లకోసారి గడ్డి మార్చాలి. ఏటా గోడలు మెత్తాలి, వారం వారం నేల అలకాలి. ఆ మెత్తడం, అలకడం దాదాపు అంతా ఆడవాళ్ల పని. మట్టి ఇంటి శక్తి లెక్కలో ఈ ఒంటి శక్తిని ఎవరూ రాయరు. పొలం పని, కట్టెల మోపు, నీళ్ల బిందె అయ్యాక మళ్లీ పేడ, ఎర్రమన్ను కలుపుకోవాల్సిన మనిషి, ‘నాకు శ్లాబు కావాలి’ అంటే ఆమెకు పర్యావరణ పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆమె చాకిరీ తగ్గించే మట్టి ఇల్లు చూపించగలిగితేనే మాట్లాడాలి.

గోడ విషయంలో అలాంటి దారి చూపించగలం. ఆ పని జరిగి చాలాకాలమైంది కూడా. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి 1974లో మొదలుపెట్టిన ఆస్ట్రా అనే గ్రామీణ సాంకేతిక విభాగం ఊరి మట్టికి కొద్దిగా సిమెంటు కలిపి, చేతి యంత్రంతో నొక్కి ఇటుక చేసే పద్ధతిని తీర్చిదిద్దింది. కొలిమి లేదు, కట్టె లేదు. అచ్చులోంచి తీసి మూడు వారాలు తడిపితే చాలు. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ భూ సంస్థ 1989 నుంచి అదే దారిలో యంత్రాలు తయారుచేసి, శిక్షణ ఇస్తోంది. ఈ ఇటుకలకు ఐఎస్ 1725 అనే భారతీయ ప్రమాణం దశాబ్దాలుగా ఉంది, 2013లో దాన్ని సవరించారు. ఇంకా ఇది ప్రయోగమే అనడానికి వీల్లేదు.

అంకెలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆస్ట్రాలోనే పనిచేసిన వెంకటరామ రెడ్డి, జగదీశ్ 2003లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఒక కాల్చిన ఇటుకలో సుమారు 4.25 మెగాజౌళ్ల శక్తి ఇమిడి ఉంది. అంటే ఇటుక ఒక్కింటికి పావుకిలో కట్టెలు. ఒక ఘనమీటరు కాల్చిన ఇటుక గోడకు సుమారు 2,140 మెగాజౌళ్లయితే, ఆరు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపిన మట్టి ఇటుక గోడకు 650 నుంచి 810 మధ్య. పాతిక చదరపు మీటర్ల చిన్న ఇంటికి అయిదు వేల ఇటుకలు పడతాయనుకుంటే, మట్టి ఇటుకకు మారడం వల్ల మిగిలేది టన్నుకు కొంచెం తక్కువ కట్టెలు. ఒక్క ఇంటికి. ఒక మండలంలో వందల ఇళ్లు లేస్తున్నప్పుడు ఈ లెక్క కొండ మీది చెట్ల లెక్క అవుతుంది.

ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. బంకమన్ను ఎక్కువైతే గోడ పగుళ్లిస్తుంది, ఇసుక ఎక్కువైతే రాలుతుంది. సీసాలో మట్టి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి ఒక రోజు వదిలేస్తే ఇసుక అడుగున, ఒండ్రు మధ్యన, బంక పైన పొరలుగా తేరుతాయి. నొక్కిన ఇటుకకు బంక పది పదిహేను శాతం, ఇసుక మూడింట రెండు వంతులు ఉంటే మేలు. పొలం పైమట్టి ఎప్పుడూ వాడకూడదు. అది పంటది, పైగా అందులోని కుళ్లిన ఆకూ అలమూ గోడను పాడుచేస్తాయి. అడుగున్నర లోతు నుంచి తీసిన ఎర్రమన్ను ఇక్కడ చాలాచోట్ల గెడ్డ ఇసుక కలిపితే సరిపోతుంది.

యంత్రం దొరకని చోట మెత్తుగోడ కూడా చెడ్డదేమీ కాదు. రాతి పునాది నేలకు రెండడుగుల పైదాకా లేపితే, చూరు రెండున్నర అడుగులు ముందుకు దిగితే, పాత మెత్తుగోడ జబ్బుల్లో చాలావరకు పోతాయి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. మట్టిగోడ మీద సిమెంటు పూత పూయడం. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కానీ గోడలోకి చేరిన తడి బయటికి రాలేక లోపలే నాని, పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ గోడను కూడా తీసుకుపోతుంది. మట్టిగోడ మీద మట్టిపూతే ఉండాలి, దాని మీద సున్నం. సున్నం ఊపిరి ఆడనిస్తుంది, పురుగును చంపుతుంది, వెలుతురును గదిలో పంచుతుంది. ఏటా మెత్తే పని రెండు మూడేళ్లకోసారి వెల్ల వేసే పనిగా తగ్గుతుంది.

కాల్చిన ఇటుకే కావాలనుకునేవాళ్లకు లారీ బేకర్ దారి ఉంది. ఇంగ్లండులో చదివి, హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో ఏళ్ల తరబడి స్థానికుల ఇళ్లు చూసి తన చదువును తిరగరాసుకున్న బేకర్, తర్వాత కేరళలో ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడిని వ్యాప్తి చేశాడు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, మధ్యలో గాలి ఉండటంతో వేడి తక్కువ దిగుతుంది. ఇల్లు అయిదు మైళ్ల లోపల దొరికే సరుకుతో కట్టాలన్న గాంధీ మాట తన మీద పనిచేసిందని ఆయన చెప్పుకునేవాడు. సాలూరు మైదానంలో ఈ గోడ బాగా పనికొస్తుంది. పైకి వెళ్లేకొద్దీ రాయి, మన్ను దగ్గర, ఇటుక దూరం.

ఇక కప్పు. నన్నడిగితే ఈ చర్చలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

శ్లాబు ఎందుకు కావాలో ముందు న్యాయంగా చెప్పుకుందాం. నిప్పంటుకోదు. కోతులు పీకవు. గడ్డి కోసం మళ్లీ మళ్లీ అడవికి వెళ్లక్కర్లేదు. పైగా ఆ గడ్డి తరిగిపోతోంది. శ్లాబు మీద మిరపకాయలు, చింతపండు, పసుపు, రాగులు ఆరబెట్టవచ్చు. చదును నేల తక్కువైన కొండ ఊళ్లో అది పెద్ద కళ్లం. తుపానుకు ఎగిరిపోదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన రాష్ట్రంలో, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ దెబ్బలు తిన్న ఉత్తరాంధ్రలో ఈ మాటకు బరువుంది. అన్నిటికీ మించి, శ్లాబు ఉన్న ఇంటికి సంబంధం వస్తుంది, బంధువు కూర్చుంటాడు. ఇవన్నీ నిజమైన ప్రయోజనాలు.

దాని మూల్యం కూడా అంతే నిజం. పాతిక చదరపు మీటర్ల ఇంటికి చూరుతో కలిపి 30 చదరపు మీటర్ల శ్లాబు, నాలుగంగుళాల మందం అనుకుందాం. మూడు ఘనమీటర్ల కాంక్రీటు. సిమెంటు 24 బస్తాలు, ఇనుము రెండు క్వింటాళ్ల పైమాటే, మిగతాది ఇసుక, కంకర. మొత్తం బరువు ఏడు టన్నులు దాటుతుంది. రోడ్డున్న ఊరికి ట్రాక్టరు తెస్తుంది. జబ్బుపడ్డవాళ్లను డోలీలో మోసుకొచ్చే గూడేనికి ఆ ఏడు టన్నులూ తల మీద, భుజం మీద ఎక్కాలి. మంజూరైన డబ్బులో ఎంత భాగం మోతకే పోతుందో ఏ అంచనా పట్టికలోనూ కనిపించదు. ఇమిడిన శక్తి చూస్తే చదరపు మీటరు శ్లాబుకు సుమారు 730 మెగాజౌళ్లు, పెంకు కప్పుకు 227. మూడో వంతు కూడా కాదు.

వేడి లెక్క ఇంకా ముఖ్యం. కప్పు గుండా వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే యూ విలువ అనే కొలత ఉంది. ఎంత తక్కువైతే అంత చల్లన. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకు గరిష్ఠంగా 1.2 అని పెట్టింది. ఏ పూతా లేని వట్టి శ్లాబు దానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. ఎనిమిది అంగుళాల గడ్డి కప్పు 0.4 లోపలే. అంటే దేశం పెద్ద భవనాలకు నిర్దేశించిన ప్రమాణాన్ని గూడెంలోని గడ్డి కప్పు ఎప్పుడో అందుకుంది, కొత్తగా వేసిన శ్లాబు అందుకోలేదు. ఆ సంహితను 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే నివాసాలకే ఉద్దేశించారు కాబట్టి పేదల ఇళ్లను ఎవరూ ఆ కళ్లతో చూడరు. పగలంతా ఎండ మింగిన శ్లాబు ఆ వేడిని రాత్రి, సరిగ్గా మనుషులు పడుకునే వేళ కిందికి వదులుతుంది. మే నెలలో కొత్త ఇంటివాళ్లు పంచలోనో ఆరుబయటో మంచం వేసుకోవడానికి కారణం అదే.

రేకు కథ వేరు. తేలిక, ఇద్దరు మనుషులు కొండెక్కించగలరు, ఒక్క రోజులో కప్పు పడుతుంది. అందుకే గడ్డి తర్వాత మెట్టు చాలామందికి రేకే అయింది. వేసవి మధ్యాహ్నం ఆ ఇంట్లో నిలవలేం, వానాకాలం మాట వినబడదు. ఆస్బెస్టాస్ రేకు విరిగినా, కోసినా లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. అయినా ఇప్పటికే రేకు వేసుకున్నవాళ్లకు ఇల్లు పడగొట్టమని చెప్పలేం. వాళ్లకు అందుబాటులో ఉన్న మంచి మందు పాత అటకే. రేకు కింద అడుగు సందు వదిలి తడక కట్టి, దానికి మట్టి మెత్తి, రెండు కొసలా గాలి పోయే సందులు ఉంచితే గది మారిపోతుంది. పైన ఇనుప రేకైతే వేసవికి ముందు తెల్లని పూత వేయాలి. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది.

నా ఓటు పెంకుకు. పూర్తిగా చెప్పాలంటే, పైన పెంకు, కింద మట్టి అటక, మధ్యలో గాలి. మన వైపు బెంగుళూరు పెంకులు అనేవి నలభై చదరపు మీటర్ల వాలుకు ఆరు వందలు సరిపోతాయి. టన్నున్నర బరువు. శ్లాబు మోతలో అయిదో వంతు, పైగా ఒక్కొక్కటిగా మోయవచ్చు. విరిగినది తీసి కొత్తది పెట్టుకోవడానికి మేస్త్రి అక్కర్లేదు. నాటు పెంకైతే ఇంకా దగ్గర, కానీ గాలికి జారుతుంది, కోతులు తిరగేస్తాయి, ఏటా సర్దాలి. కుమ్మరి పని ఎక్కడ బతికి ఉంటే అక్కడే అది సాధ్యం.

పెంకుకు కావలసింది గట్టి కర్ర. చిక్కు అక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. గ్రామసభ ద్వారా వెదురు వాడుకునే హక్కు గిరిజనులకు ఉంది. దూలానికి కావలసిన కలప అందులో లేదు. కాబట్టి ముదురు తాడి దూలం, మైదానంలో పెంచిన సరుగుడు వాసాలు, వెదురు బద్దలు, ఈ మూడింటితో కప్పు ఆలోచించాలి. వెదురు మూడేళ్లు నిండినది, చలికాలంలో కొట్టినది కావాలి. అప్పుడు పిండిపదార్థం తక్కువ, పురుగు తక్కువ. గెడ్డ నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టడం పాత పద్ధతి, బోరాక్సు బోరిక్ ఆమ్లం ద్రావణంలో నానబెట్టడం కొత్త పద్ధతి. రెండోది ఎక్కువ కాలం కాపాడుతుంది. అటక ఉన్న పాత ఇళ్లలో వెదురు తరాల పాటు నిలవడానికి పొయ్యి పొగ కూడా కారణం. మసి పట్టిన వెదురును పురుగు ముట్టదు. ఆ పొగే ఇంటి ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ పాడుచేసింది. పొగలేని పొయ్యి, గ్యాసు ఇంట్లోకి రావాలి, తప్పకుండా రావాలి. వచ్చాక వెదురుకు మందు పెట్టడం తప్పనిసరి అవుతుందని మేస్త్రికీ, ఇంజనీరుకూ తెలిసి ఉండాలి. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే నాలుగేళ్లలో వాసాల్లోంచి పొడి రాలుతుంది, నింద మట్టి ఇంటి మీద పడుతుంది.

తుపానుకు పెంకు నిలుస్తుందా అన్న భయం సహజం. ఎగిరేది పెంకు కంటే ముందు దాని కింది కట్టు. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పును గాలి సులువుగా లేపలేదు. రెండు వాలుల కప్పును త్రికోణపు గోడ దగ్గర పట్టుకుని లేపుతుంది. వాలు ముప్పై డిగ్రీల దగ్గర ఉంటే మేలు. ప్రతి వాసాన్నీ గోడ పైకట్టుకు, కట్టును గోడలో కిందిదాకా దిగిన ఇనుప తీగకు కట్టాలి. చూరు, చివరి వరసల పెంకులకు తీగ ముడి. ఇక్కడొక వైరుధ్యం ఉంది. వానకూ ఎండకూ పొడవాటి చూరు కావాలి, తుపానుకు పొడవాటి చూరే పట్టుకొమ్మ. దీనికి విడుపు పంచ కప్పును ఇంటి కప్పుతో కలపకుండా, ఒక మెట్టు కింద, వేరే గుంజల మీద నిలపడం. పెనుగాలి వస్తే పంచ పోతుంది, ఇల్లు మిగులుతుంది.

శ్లాబే వేస్తామనేవాళ్లకు కూడా మెరుగైన శ్లాబు ఉంది. కాంక్రీటుకు పెద్దగా పని లేని కింది భాగంలో, ఇనుప కడ్డీల మధ్య పెంకులు పొదిగి వేసే బేకర్ శ్లాబు కాంక్రీటునూ వేడినీ కొంత తగ్గిస్తుంది. పైన సున్నపు పూత, సాధ్యమైతే ఒక భాగంలో తీగ పాదు. మట్టి ఇటుకల కమాను కప్పులు ఆరోవిల్‌లో అందంగా నిలిచాయి. అయినా వాటికి చెయ్యి తిరిగిన పనివాళ్లు కావాలి, ఇంత వానలో చిన్న పొరపాటు కూడా కారుతుంది. సొంతంగా కట్టుకునేవాళ్లకు నేను వాటిని చెప్పను.

నీళ్లు, కరెంటు సంగతి తొందరగా ముగించవచ్చు. ఊటగెడ్డ ఊరికన్నా పైన ఉన్నచోట మోటారు లేకుండా గొట్టంలో నీళ్లు కిందికి వస్తాయి. కొండ ఇచ్చే ఉచిత శక్తి అది, దాన్ని వదిలి బోరు వేయడం వృథా. పెంకు వాలు నుంచి వాన నీళ్లు తొట్టెలోకి మళ్లించడం సులువు. ఇంటి కప్పు మీద సౌర పలకలకు కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అయితే కిలోవాటు పలకలకు సుమారు పది చదరపు మీటర్ల గట్టి కప్పు కావాలి. అంటే సౌర పథకం కూడా తెలియకుండానే శ్లాబు వైపు నెడుతుంది. పలకల్ని పెరట్లో ఇనుప చట్రం మీద, లేదా ఊరందరికీ ఒకేచోట పెట్టుకునే వీలు రాతపూర్వకంగా ఇస్తే ఈ ఒత్తిడి పోతుంది.

ఇక పథకాల మాట. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కాగితం మీద అచ్చంగా సొంతంగా కట్టుకునే పథకమే. గుత్తేదారును పెట్టకూడదు, ఇంటివాళ్లే కట్టుకోవాలి. కనీసం 25 చదరపు మీటర్లు. మైదానాల్లో 1.20 లక్షలు, కొండ, క్లిష్ట ప్రాంతాల్లో 1.30 లక్షలు. దానికి ఉపాధి హామీ నుంచి 90, 95 పనిదినాల కూలి జోడించేలా మార్గదర్శకాలు రాశారు. ఇల్లు మామూలు నిర్వహణతో ముప్పై ఏళ్లు నిలవాలన్నదే షరతు. ఊరి సరుకు, ఊరి నమూనా వాడమని కూడా ఆ పత్రాలే చెబుతాయి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద సవరలు, గదబలు వంటి ఆదిమ తెగలకు ఇంటికి 2.39 లక్షలు. నిర్మాణంలో ఆగిన ఇళ్లకు రాష్ట్రం 2025లో ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష అదనంగా ప్రకటించింది.

ఆచరణలో నిర్ణయించేది విడత. బేస్‌మట్టం ఫొటో, కప్పు ఎత్తు ఫొటో, శ్లాబు ఫొటో, దశ కనిపిస్తేనే డబ్బు. మెత్తుగోడ, పెంకు కప్పు ఆ ఫొటోల వరసలో ఇమడవు. మట్టి గోడ, గడ్డి కప్పు ఉంటే సర్వే దాన్ని లోటుగా రాస్తుంది. ఇంజనీరుకు ఇబ్బంది లేని దారి శ్లాబు, మేస్త్రికి తెలిసినదీ అదే. ఇంటివాళ్లు తమ ఇంటికి తామే కూలీలవుతారు, రూపకర్తలు కారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ వెతకక్కర్లేదు. ఒక నమూనాకు తయారైన యంత్రాంగం ఆ నమూనానే కంటుంది. హసన్ ఫతీ 1940ల్లో ఈజిప్టులో గుర్నా గ్రామస్తుల కోసం ఎంతో అందమైన మట్టి ఇళ్లు కట్టాడు. చాలామంది వాటిలోకి రానే లేదు. తమ బతుకు గురించి పైవాళ్లు తీసుకున్న నిర్ణయం మంచిదైనా మనుషులు దూరం పెడతారు. రేపు ఏ శాఖ అయినా గూడేనికి మట్టి ఇల్లు తప్పనిసరి చేస్తే అదే జరుగుతుంది. రెండు మూడు నమూనాలు పక్కపక్కన కట్టి చూపించి, ఒక వేసవీ ఒక వానాకాలమూ వాటిలో ఉండనిచ్చి, తర్వాత ఎంచుకోమనాలి.

పట్నం నుంచి వచ్చి కొండ మీద మట్టి ఇల్లు కట్టుకోవాలనుకునే మిత్రులకు ఒక మాట. సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల షెడ్యూల్డు గ్రామాల్లో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనలేరు. బినామీ పేరుతో కొన్న స్థలంలో కట్టిన ఇల్లు ఎంత తక్కువ శక్తి తిన్నా సరే, అది దోపిడీయే. మైదాన గ్రామాల్లో చోటు చాలా ఉంది.

పని చేసే చేతుల మాటకొస్తే సాలూరుకు దొరికిన వరం చాలా ఊళ్లకు లేదు. లారీ బాడీలు కట్టే పట్టణమిది. కర్రను కోసి, కలిపి, ఇనుప పట్టీ వేసి, గతుకుల రోడ్డు మీద ఏళ్ల తరబడి కదలకుండా నిలిచేలా బిగించడం ఇక్కడి వడ్రంగులకూ కమ్మరులకూ పుట్టువిద్య. తుపానుకు లేవని కప్పుకు కావలసింది అదే బిగింపు. వాసానికీ దూలానికీ మధ్య ఇనుప పట్టీ, వెదురు జోడింపుకు బోల్టు, ముందే తయారుచేసి ముక్కలుగా కొండెక్కించి పైన బిగించే కప్పు చట్రం, ఇవన్నీ ఈ పట్టణంలోనే తయారు కావచ్చు. పార్వతీపురంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, గృహ నిర్మాణ సంస్థ కలిసి గూడేనికి ఇద్దరు యువకుల్ని ఇక్కడి షెడ్లలో కొన్ని నెలలు పనిలో పెడితే, కప్పు పనికి బయటి మేస్త్రి కోసం చూడక్కర్లేదు. గూడెంలో ఇల్లు కట్టడం ఎప్పుడూ ఇంటికొక మనిషి వచ్చి చేసే పని. ఆ సాయం గోడకు ఇప్పటికీ దొరుకుతుంది. దొరకనిది కప్పుకు కావలసిన నేర్పు, ఇనుము, పెంకు. డబ్బు అక్కడ పెట్టాలి.

అందుకు డబ్బు వచ్చే నెల కూడా ముఖ్యం. వెదురు కొట్టి నానబెట్టాల్సింది పుష్యం, మాఘాల్లో. ఇటుక నొక్కి తడిపి ఆరబెట్టేది, మెత్తుగోడ వరస వరసగా లేపేది మాఘం నుంచి చైత్రం దాకా. ఒక వరస ఆరందే ఇంకో వరస పెట్టకూడదు. కప్పు రోహిణి కార్తె లోపు పడాలి, మృగశిర వచ్చేసరికి పైపెంకు కట్టడం పూర్తవ్వాలి. వాన తగిలిన కప్పులేని మట్టిగోడ మళ్లీ మట్టే. మొదటి విడత కార్తీకం దాటేలోపు చేతిలో పడితే ఈ పనంతా వేళకు సాగుతుంది. మంజూరు కాగితం వేసవి చివర వచ్చి, పెంకు డబ్బు శ్రావణంలో పడితే, కొండ మీద ఎవరైనా సరే శ్లాబు కోసమే ఎదురుచూస్తారు.